ఏం జరిగితే నా మాట తప్పని ఒప్పుకుంటాను?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఆరింటిని కలిపి తీసుకుంటున్నాను. అడిగినవాళ్ళు వేరు, అడిగిన తీరు వేరు, కానీ అన్నీ తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తున్నాయి: మనకు తోచిన ఊహను, అంటే పరికల్పనను, పరీక్షకు ఎలా నిలబెట్టాలి?

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. సైన్స్ ప్రాజెక్టుకి 'మొక్కలకు సంగీతం వినిపిస్తే బాగా పెరుగుతాయి' అని పరికల్పన రాసి ఇచ్చాను. 'ఇది పరీక్షించడానికి పనికిరాదు, మార్చి రాయి' అని మా టీచర్ వెనక్కి ఇచ్చారు. ఏం మార్చాలో అర్థం కావడం లేదు.

జవాబు: నీ ఆలోచనలో తప్పేం లేదమ్మా, వాక్యమే వదులుగా ఉంది. 'బాగా' అన్నావు చూడు, దాన్ని స్కేలుతో కొలవలేం. ఎత్తా, ఆకుల లెక్కా, బరువా? ఎత్తు తీసుకుందాం అంటే అక్కడో చిక్కుంది, వెలుతురు చాలని మొక్క కూడా సన్నగా పొడుగ్గా సాగుతుంది, దాన్ని మంచి పెరుగుదల అనలేం. సంగీతం అంటే ఎంత గట్టిగా, రోజుకు ఎంతసేపు? అన్నిటికంటే ముఖ్యం, దేనికంటే బాగా? పోల్చడానికి రెండో గుంపు లేకపోతే ఏ మొక్కైనా పెరుగుతూనే కనిపిస్తుంది, నీ వాక్యం ఎప్పుడూ నిజమే అవుతుంది. ఏం జరిగినా నిజమే అయ్యే వాక్యాన్ని పరీక్షించడం కుదరదు, మీ టీచర్ ఉద్దేశం బహుశా ఇదే.

ఇలా రాసి చూడు: 'రోజుకు 2 గంటలు సంగీతం వినిపించిన 15 చిక్కుడు మొక్కల సగటు బరువు, 30 రోజుల తర్వాత, సంగీతం వినిపించని 15 మొక్కల సగటు బరువుకంటే ఎక్కువ ఉంటుంది.' ఇప్పుడు ఈ వాక్యం తప్పయ్యే వీలుంది. బరువులు సమానంగా వస్తే, లేదా రెండో గుంపే ఎక్కువ తూగితే, నీ ఊహ ఓడిపోయినట్టే. ఆ వీలు ఉండడమే దాని బలం.

ఇక చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. 30 మొలకలకూ నంబర్లు వేసి, చీటీలు తీసి రెండు గుంపులు చెయ్యి. నీ చేత్తో ఏరితే ఏపుగా ఉన్నవి నీకు తెలియకుండానే సంగీతం వైపుకి వెళ్తాయి. స్పీకర్ కొంచెం వేడెక్కుతుంది, కాబట్టి రెండో గుంపు దగ్గర కూడా అలాంటిదే ఒకటి ఆన్ చేసి, శబ్దం రాకుండా పెట్టు. సంగీతం చీకటి పడ్డాక వినిపించు, ఆ 2 గంటలు రెండో గుంపు వేరే గదిలో ఉంటుంది, మిగతా 22 గంటలూ అన్నీ ఒకే కిటికీ దగ్గర, ఒకే కొలత నీళ్లతో. చివర్లో తూచే పని ఏ కుండీ ఏ గుంపుదో తెలియని స్నేహితురాలికి అప్పగించు. గుంపుకి 15 ఎందుకంటే, ఒకే కాయలోని రెండు గింజలు కూడా ఒకే ఎత్తు పెరగవు, ఒక్కో మొక్కతో పోలిస్తే నువ్వు చూసేది సంగీతం ప్రభావమో గింజల తేడానో ఎప్పటికీ తెలియదు.

మొక్కల మీద చేసిన ఒక పాత ప్రయోగం చెప్తాను, నాకు చాలా ఇష్టమైనది. 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన 200 పౌండ్ల ఎండబెట్టిన మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, 5 ఏళ్ళపాటు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు దాదాపు 169 పౌండ్లు తూగింది, మట్టి తగ్గింది సుమారు 2 ఔన్సులే. చెట్టు ఒళ్లంతా మట్టి నుంచే వస్తుందన్న నమ్మకం దాంతో కూలిపోయింది, అంతవరకు అద్భుతం. కానీ ఆయన అక్కడితో ఆగకుండా 'అయితే ఇదంతా నీళ్ల నుంచే వచ్చింది' అన్నాడు. గాలి సంగతి ఆయన పరీక్షించనే లేదు, చెట్టు తన ఒంటికి కావలసిన కర్బనాన్ని తీసుకునేది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి. ఒక ఊహ ఓడిపోయినంత మాత్రాన పక్కనున్న ఊహ గెలిచినట్టు కాదు. నీ ప్రాజెక్టులో కూడా తేడా వస్తే 'సంగీతం నచ్చింది' అని రాయకు, శబ్దం వల్ల వచ్చే కంపనం కావచ్చు, అది ఇంకో ప్రయోగం.

ప్రశ్న: పరికల్పన అసలు ఎక్కడి నుంచి వస్తుంది? పుస్తకాల్లో 'పరిశీలించు, పరికల్పన చెయ్యి' అని ఒక్క ముక్కలో రాసేస్తారు. ఆ మధ్యలో ఏం జరుగుతుంది?

జవాబు: చాలా మంచి ప్రశ్న, పుస్తకాలు దాటేసే చోటు సరిగ్గా అదే. మధ్యలో జరిగేది ఎక్కువగా కొట్టివేతలే. వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ కథ చూడండి. అక్కడ ప్రసూతి వార్డులు రెండు. మొదటిదాంట్లో డాక్టర్లూ వైద్య విద్యార్థులూ, రెండోదాంట్లో మంత్రసానులూ పురుళ్లు పోసేవారు. మొదటి వార్డులో బాలింతలు జ్వరంతో చనిపోవడం చాలా ఎక్కువ. ఇది పరిశీలన. ఎందుకు అన్నదానికి ఆయన ఒక్కో ఊహా తీసుకుని చూశాడు. జనం కిక్కిరిసి ఉండడం వల్లా? రెండో వార్డులోనే రద్దీ ఎక్కువ, కాబట్టి కాదు. పురుడు పోసేటప్పుడు పడుకోబెట్టే తీరు వల్లా? రెండో వార్డు పద్ధతినే మొదటిదాంట్లో పెట్టి చూశాడు, మార్పు లేదు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ కోసం మతగురువు గంట మోగించుకుంటూ మొదటి వార్డు మీదుగా వెళ్తాడు, ఆ భయం వల్లా? గంట లేకుండా వేరే దారిన వెళ్లమని అడిగాడు, అప్పుడూ మార్పు లేదు.

1847లో ఆయన సహోద్యోగి ఒకరు శవపరీక్ష చేస్తుండగా కత్తి గాటు పడి, దాదాపు అవే లక్షణాలతో చనిపోయారు. అప్పుడు తట్టింది: విద్యార్థులు శవాలను కోసిన చేతులతోనే నేరుగా వార్డుకి వస్తున్నారు, మంత్రసానులకు ఆ పని లేదు. చేతుల మీదుగా ఏదో వస్తోందనుకుంటే, ఆ చేతులు శుభ్రమైతే చావులు తగ్గాలి. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన మరణాలు జూన్‌కి 2 శాతం చిల్లరకు దిగాయి. చివరి ఊహ ఎంత గొప్పదో, గంట ఊహను పరీక్షించి పక్కన పెట్టడం కూడా అంతే గొప్పదని నా అభిప్రాయం. తోచినవన్నీ రాసుకోండి, ఒక్కోదాని పక్కన 'ఇదే నిజమైతే ఇంకా ఏం కనిపించాలి?' అని రాయండి. పరికల్పన అక్కడ పుడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి నోట్సులో 'పరికల్పన రుజువైతే సిద్ధాంతం, ఇంకా రుజువైతే నియమం' అని ఉంది. నిజమేనా?

జవాబు: కాదండీ, అవి ఒకదాని మీద ఒకటి ఉన్న మెట్లు కావు. నియమం ఏం జరుగుతుందో చెప్తుంది, సిద్ధాంతం ఎందుకు జరుగుతుందో చెప్తుంది. ఉష్ణోగ్రత మారకపోతే, వాయువు మీద ఒత్తిడి రెట్టింపైనప్పుడు దాని పరిమాణం సగమవుతుందని 1662లో బాయిల్ అనే శాస్త్రవేత్త చెప్పింది నియమం. వాయువులోని అణువులు అటూ ఇటూ పరిగెడుతూ గోడలను ఢీకొంటాయి కాబట్టి అలా అవుతుందని వివరించేది గతిజ సిద్ధాంతం. సిద్ధాంతం ఎదిగి ఎప్పుడో నియమం అయిపోదు. మాటల్లో 'అది నీ థియరీలే' అని తేలిగ్గా అంటుంటాం కానీ సైన్స్‌లో సిద్ధాంతం అన్నది ఎన్నో పరీక్షలు తట్టుకున్న వివరణకు ఇచ్చే పేరు.

ప్రశ్న: నా ప్రయోగంలో అనుకున్నదానికి పూర్తిగా వ్యతిరేకంగా వచ్చింది. సోమవారం రిపోర్టు ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది. పరికల్పననే మార్చి రాసేస్తే ఎవరికీ తెలియదు కదా?

జవాబు: వద్దు బాబూ. వచ్చింది వచ్చినట్టే రాయి. జవాబు చూశాక ప్రశ్న రాసుకుంటే అది పరీక్ష కాదు, నీ ఊహ ఏ ప్రమాదాన్నీ దాటి రాలేదు. 1887లో మైకెల్సన్, మోర్లీ అనే శాస్త్రవేత్తలిద్దరూ కాంతి ఈథర్ అనే మాధ్యమంలో ప్రయాణిస్తుందన్న నమ్మకంతో, భూమి కదలిక వల్ల తమ పరికరంలో కాంతి చారలు ఒక చార వెడల్పులో 0.4 వంతు జరగాలని ముందే లెక్క కట్టారు. అందులో ఇరవయ్యో వంతు కూడా కనిపించలేదు. కనిపించలేదనే రాశారు. భౌతికశాస్త్రంలో అంత విలువైన 'కనిపించలేదు' అరుదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. డిగ్రీలో లోలకం ప్రయోగం చేసినప్పుడు గురుత్వ త్వరణం విలువ నాకు తక్కువగా వచ్చింది. దారం పొట్టిగా ఉన్న రీడింగులు మరీ తేడాగా ఉన్నాయని వాటిని కొట్టేసి, పొడుగు దారాలవి మాత్రమే ఉంచి, 9.8కి దగ్గరగా తెచ్చి ఇచ్చాను, మంచి మార్కులే వచ్చాయి. తర్వాత ఎప్పుడో ఇంకొకరికి నేర్పిస్తుంటే తెలిసింది, నేను పొడవును గుండు పైభాగం వరకే కొలిచాను, గుండు మధ్య వరకు కొలవాలి. ఆ తప్పు దారం పొట్టిదయ్యేకొద్దీ ఎక్కువగా బయటపడుతుంది. అంటే నా తప్పేమిటో చెప్పగలిగిన రీడింగులనే ఏరి ఏరి తీసేశాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నీ రిపోర్టులో ముందు అనుకున్నది రాయి, వచ్చింది రాయి, ఎందుకు ఇలా వచ్చి ఉంటుందో ఒక కొత్త ఊహగా చివర రాయి, దాన్ని ఇంకా పరీక్షించలేదని కూడా రాయి.

ప్రశ్న: రాత్రి ఫోన్ చూస్తే నాకు నిద్ర ఆలస్యంగా పడుతుందని నమ్మకం. మా వారు అదంతా అపోహ అంటారు. ఇంట్లోనే తేల్చుకునే దారుందా?

జవాబు: ఉందండీ, 4 వారాల ఓపిక కావాలి. పడుకునే ముందు గంట ఫోన్ చూడాలా, పుస్తకం చదవాలా అన్నది రోజూ రాత్రి నాణెం ఎగరేసి తేల్చుకోండి. బొమ్మ పడితే ఫోన్, బొరుసు పడితే పుస్తకం, మీ ఇష్టంతో పని లేదు. ఈ నాణెం ఊరికే చాదస్తం కాదు. మీకు ఇష్టమొచ్చినప్పుడు ఫోన్ తీసుకుంటే, నిద్ర రాని రాత్రులే ఎక్కువగా తీసుకుంటారు, అప్పుడు ఫోన్ వల్ల నిద్ర పోయిందా, నిద్ర రాక ఫోన్ పట్టుకున్నారా అన్నది ఎన్ని నెలలు రాసుకున్నా తేలదు. రెండూ కలిసి కనిపించడం వేరు, ఒకటి రెండోదానికి కారణం కావడం వేరు, ఆ ముడి విప్పేది నాణెమే.

లైటు ఆర్పిన సమయం, పొద్దున లేవగానే ఎంతసేపటికి నిద్ర పట్టిందనిపించిందో, పగలు కునుకు తీశారా లేదా, ఇంతే రాయండి. మొదలుపెట్టక ముందే మీరిద్దరూ కూర్చుని ఒక మాట అనుకోండి: సగటు తేడా 15 నిమిషాలకు తగ్గితే మీవారి మాట, దాటితే మీ మాట. ఒక లోపం మాత్రం ఇందులో పోదు, ఏ రాత్రి ఏది చేశారో మీకు తెలుసు కాబట్టి మీ నమ్మకం కూడా ఆ నిమిషాల్లో కలుస్తుంది. అందుకని వచ్చిన జవాబు మీ ఒక్కరికి, కొంతవరకు అనుకోండి.

ప్రశ్న: మాకు తెలిసిన ఒకాయన పుల్ల చేత్తో పట్టుకుని భూమిలో నీళ్లెక్కడున్నాయో చెప్తానంటారు. ఒకసారి చూపించమంటే తప్పు చెప్పి, 'నమ్మనివాళ్ళు దగ్గరుంటే పుల్ల పనిచేయదు' అన్నారు. దీన్ని పరీక్షించడం సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే, ఆ చివరి మాటను ముందుగా బయట పెట్టించగలిగితే. గెలిస్తే పుల్ల గొప్ప, ఓడితే మీ అపనమ్మకం అన్నప్పుడు ఆ మాట ఎప్పటికీ ఓడదు. అలాంటి మాట సైన్స్ కాదని కార్ల్ పాపర్ అనే తత్వవేత్త 1934లో గట్టిగా వాదించాడు. ఐన్‌స్టైన్‌తో పోల్చండి: సూర్యుడి అంచును తాకుతూ వచ్చే నక్షత్ర కాంతి 1.75 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వంగాలి అన్నాడు, న్యూటన్ లెక్కన చూస్తే అందులో సగమే. 1919 మే 29 నాటి సంపూర్ణ గ్రహణంలో కొలిచి చూశారు. వేరే అంకె వచ్చుంటే ఆయనకు దాక్కునే చోటు లేదు.

అయితే ఓడినప్పుడు కారణం వెతకడమే తప్పు అనకండి. యురేనస్ లెక్క తప్పిన దారిలో పోతుంటే లెవెరియే అనే ఖగోళ శాస్త్రవేత్త న్యూటన్‌ను వదులుకోలేదు, అక్కడెక్కడో కనిపించని గ్రహం ఉందన్నాడు. కానీ ఆకాశంలో ఎక్కడ చూడాలో కూడా చెప్పాడు, 1846 సెప్టెంబర్ 23 రాత్రి బెర్లిన్‌లో గాలె అనే ఖగోళ శాస్త్రవేత్త దూరదర్శిని తిప్పితే ఆ చోటుకి ఒక్క డిగ్రీ లోపలే నెప్ట్యూన్ దొరికింది. బుధుడి దారి కూడా లెక్కకు అందకపోతే లెవెరియే అదే మాటన్నాడు, వల్కన్ అనే గ్రహం ఉండాలని. అది దొరకలేదు, ఆ మాట వీగిపోయింది. రెండు సాకులూ పరీక్షకు నిలబడగలిగినవే, ఒకటి గెలిచింది, ఒకటి ఓడింది, రెండూ సైన్సే.

మీ పెద్దమనిషిని గౌరవంగానే అడగండి. 10 మూత డబ్బాలు, ఒక్కదాంట్లోనే నీళ్ల సీసా, ఎందులో పెట్టాలో ప్రతిసారీ చీటీ తీసి నిర్ణయించాలి. పెట్టినవాళ్ళు గదిలోంచి వెళ్లిపోవాలి, మిగిలినవాళ్ళకి ఎక్కడుందో తెలియకూడదు. హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందన్న వింతను ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశీలిస్తే, అడిగేవాళ్ళకి జవాబు తెలియనప్పుడు గుర్రానికీ తెలియడం లేదని తేలింది, ఎదుటివాళ్ళ తల కదలికలను బట్టి అది ఆగుతోంది. ఎవరి మోసమూ లేకుండానే ఇలాంటివి జరుగుతాయి. 10 సార్లు చేయించండి, ఊరికే ఊహించినా సగటున ఒకసారి తగులుతుంది. 5 సార్లు సరిగ్గా చెప్తే ఒప్పుకుంటామని ముందే మాటివ్వండి, అలా ఊరికే ఊహించి 5 దాకా వచ్చేవాళ్ళు వెయ్యిమందిలో ఒకరిద్దరికి మించరు.

మొదలుపెట్టే ముందు మాత్రం మూతలన్నీ తీసేసి, సీసా అందరికీ కనిపిస్తుండగా, ఎవరెవరు ఉండాలో వాళ్ళందరూ అక్కడే నిలబడి ఉండగా, పుల్ల కదులుతోందా అని అడగండి. కదలడం లేదంటే ఆ రోజుకి వద్దు, ఎవర్ని బయటికి పంపమంటే వాళ్ళని పంపండి. కదులుతోంది, ఈ రోజు అంతా బాగానే పనిచేస్తోంది అంటే, ఆ మాట కాగితం మీద రాయించి సంతకం తీసుకుని, అప్పుడు మూతలు పెట్టండి.