అవి రెండు జాతులు కావు, ఆడా మగా

మీరు పంపిన ఫోటోల్లోని నల్లదీ గోధుమరంగుదీ రెండు వేర్వేరు జాతులా అని అడిగారు. అస్సాంలోని హొల్లాంగపార్‌ అభయారణ్యంలో ఒకే కొమ్మ మీద మీరు ఫోటో తీసిన ఆ రెండూ హూలాక్ గిబ్బన్ అనే వానరాలే. పెద్ద నల్లది మగది, గోధుమరంగుది ఆడది.

1. ముందు తోక చూడండి. గిబ్బన్‌కు తోక ఉండదు. పొడవాటి తోక వేలాడుతుంటే అది లంగూర్ (కొండముచ్చు).

2. తెల్ల కనుబొమలు చూడండి. మగదానికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

3. అందరూ పొరబడేది ఇక్కడే (నేనూ పొరబడ్డాను): నల్లగా ఉన్నదల్లా మగది కాదు. పుట్టినప్పుడు పిల్ల లేత రంగులో ఉంటుంది. తర్వాత ఆడైనా మగైనా నల్లబడుతుంది. ఆడది ఈడుకొచ్చాకే గోధుమరంగుకు తిరుగుతుంది. కాబట్టి మీ మూడో ఫోటోలోని చిన్న నల్లదాన్ని రంగు చూసి ఆడో మగో తేల్చలేం.

ఆడో మగో తేల్చడానికి పొద్దున వాటి కేకల రికార్డింగ్ కూడా పనికిరాదు. జంట కలిసే పాడుతుంది, గొంతులూ దాదాపు ఒకటే.