ఆత్మ మనుషులకేనా, కుక్కకు ఉండదా?

మీ కుక్క చనిపోతే దాని పేరున ఏదైనా చేద్దామన్నారు, ఇంట్లోవాళ్లేమో "జంతువుకు ఆత్మేంటి" అని కొట్టిపారేశారు, ఇంతకీ చేయొచ్చా లేదా అని నన్ను అడిగారు. నేనైతే ఉందనే అంటాను. మనిషి జన్మ దొరకడం కష్టమని మన పెద్దలు చెప్పారు, నిజమే, కానీ ఆ మాటకు అర్థం ఉండాలంటే అదే జీవుడు అంతకుముందు పశువుగానో పక్షిగానో పుట్టి వచ్చి ఉండాలి కదా.

నాకు ఈ నమ్మకం కుదిరింది మాత్రం మా గొడ్ల సావిట్లో. మా గేదెకు పుట్టిన దూడ కొన్నాళ్లకే పోయింది. ఆ తర్వాత పితకడానికి కూర్చుంటే పొదుగు నిండుగా ఉన్నా చేపేది కాదు. అప్పట్లో ఊళ్లో అందరూ చేసే పనే మావాళ్లూ చేశారు, దూడ తోలులో ఎండుగడ్డి కుక్కి దాని ముందు నిలబెట్టారు. వాసన చూసింది, నాకింది, పాలు చేపింది. ఒకరోజు మాత్రం నాకుతూ నాకుతూ ఆగిపోయి, ఆ బొమ్మను మూతితో పక్కకు నెట్టేసి, దూడను ఎత్తుకెళ్లిన దారి వైపు తిరిగి తాడు గుంజుకుంటూ ఒకటే అరుపు. అమ్మ చెంబు పట్టుకుని లేచి వచ్చేసింది, ఆ పూట ఇంక పితకలేదు.

ఆత్మను ఎవరం చూడలేదండీ. ఎదుటి మనిషిలో ఉందని ఒప్పుకునేది కూడా వాళ్ల ప్రేమ, దుఃఖం, భయం చూసే కదా, మరి అవే గేదెలో కళ్లారా చూశాక దానికి లేదని ఎలా అనగలం? వివేకం లేదు కాబట్టి ఆత్మ లేదంటారు కొందరు. అలాగైతే పొత్తిళ్లలో పసిబిడ్డకు ఏ వివేకం ఉంది?

గీత ఐదో అధ్యాయంలో పండితుడు బ్రాహ్మణుడినీ, ఆవునూ, ఏనుగునూ, కుక్కనూ సమంగా చూస్తాడని ఉంది, కుక్క పేరు అక్కడ విడిగా చెప్పారు. శ్రీకాళహస్తి పేరులోనే సాలీడు, పాము, ఏనుగు ఉన్నాయి, మూడూ శివుణ్ణి కొలిచి ముక్తి పొందాయని స్థలపురాణం. ఇవన్నీ పాత కథలంటారా, తిరువణ్ణామలై వెళ్లి చూడండి: 1948లో లక్ష్మి అనే ఆవు చనిపోతే రమణ మహర్షి దగ్గరుండి ఆశ్రమంలోనే సమాధి చేయించారు, దానికి ముక్తి కలిగిందని తమిళంలో పద్యం కూడా రాశారు.

ఇక మీరు అడిగిన అసలు సంగతి. గయలో పిండాలు పెట్టేటప్పుడు చెప్పే శ్లోకాల్లో పశువులుగా, పక్షులుగా, పురుగులుగా, చివరికి చెట్లుగా పుట్టినవాళ్లకు కూడా పిండం ఇస్తున్నానని ఉంటుంది. కాబట్టి మొహమాటపడకండి. పూజారి ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, దాని పేరు తలుచుకుని మీ వీధి కుక్కలకు కడుపునిండా అన్నం పెట్టండి, ఇంట్లోవాళ్లు ఏమన్నా సరే.