లాడం కొడితే గుర్రానికి నొప్పి పుడుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, వచ్చే నెల మా తమ్ముడి పెళ్లి. బరాత్‌కి గుర్రం మాట్లాడదామని పాతబస్తీకి వెళ్లాం. అక్కడ ఒకతను గుర్రం కాలు ఒళ్లో పెట్టుకుని సుత్తితో మేకులు దిగ్గొడుతున్నాడు. నాలుగో తరగతి చదివే మా పాప అది చూసి ఒకటే ఏడుపు. సర్దిచెప్పబోతే, "నాకూ ఇట్లాగే చెవులు కుట్టించారుగా" అంది. నిజంగా దానికి నొప్పి ఉండదా? పాపకి ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, నల్లకుంట

జవాబు: అమ్మా, ఏడ్చినందుకు పాపని కసరకండి. పసిపిల్లకి రావలసిన అనుమానమే వచ్చింది.

మేకు దిగేది గిట్ట గోడలోకి. అది మన గోరు లాంటిదే. అందులో నరం లేదు, నెత్తురు లేదు. నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కాలెత్తి అడుగుభాగం శుభ్రంగా తుడిచి చూస్తే, గోడ లోపలి అంచున లేతరంగు గీత ఒకటి కనిపిస్తుంది. లాడాలు కొట్టే నాల్‌బంద్ పనితనమంతా ఆ గీత దగ్గరే తెలుస్తుంది. మేకు గీతకి బయటే దిగాలి. మేకు మొన ఒకవైపు ఏటవాలుగా చెక్కి ఉంటుంది కాబట్టి, సరిగ్గా పెట్టి కొడితే బయటికే వంగి గోడ మీద తేలుతుంది. తేలిన మొన తుంచి, కొస మడిచి, ఆకురాయితో నున్నగా రాస్తారు. చెయ్యి తిరిగినవాళ్లు చెవి అక్కడే పెట్టి కొడతారు. గట్టి గోడలో దిగుతున్నంతసేపూ చప్పుడు ఖంగుమంటుంది, లోపలికి మళ్లితే మెత్తబడుతుంది. గీత దాటిందా, గుర్రం వెంటనే కాలు లాక్కుంటుంది. మడమ వైపు మాత్రం మేకులు కొట్టకూడదు. అడుగు పడినప్పుడల్లా ఆ భాగం కాస్త విచ్చుకోవాలి, కాలిలో నెత్తురు పైకి ఎక్కడానికి అది సాయం.

గడ్డినేల మీద తిరిగే గుర్రానికి లాడం లేకపోయినా గడుస్తుంది. మన తారురోడ్ల మీద బరువుతో నడిచే గుర్రానికి గిట్ట పెరిగేదానికన్నా అరిగేదే ఎక్కువ. అందుకే ఇనుప లాడం. పందెపు గుర్రాలకి తేలికగా ఉండాలని అల్యూమినియంవి వేస్తారు. వెనకటికి బండి ఎడ్లకి, గిట్ట చీలి ఉంటుంది కాబట్టి, కాలికి రెండేసి బిళ్లలు కొట్టేవారు. ఇవన్నీ జంతువు నడక కోసం చేసినవే.

అదే గిట్టని చూసేవాళ్ల సరదా కోసం పాడుచేసిన చోట్లూ ఉన్నాయి. అమెరికాలో టెనెసీ వాకింగ్ హార్స్ అనే జాతి ఉంది. ముందుకాళ్లు బాగా పైకి ఎత్తి నడిస్తే ప్రదర్శనలో బహుమతి. అందుకని గిట్టల కింద ఎత్తు దిమ్మలు కట్టడమే కాక, కాలి చర్మం మండే మందులు కూడా పూసేవారు. ఆ మంటకి కాలు నేల మీద ఆనించలేక గుర్రం పైకెత్తేది, జనం చప్పట్లు కొట్టేవారు. దీన్ని ఆపడానికి 1970లో అక్కడ చట్టమే చేయాల్సివచ్చింది. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా కడుపు రగులుతుంది.

ఇక మీ పెళ్లి గుర్రం సంగతి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి లాడం తీసి, పెరిగిన గిట్ట చెక్కి, మళ్లీ కొట్టాలి. ముహూర్తాల రద్దీలో ఈ గడువు దాటిపోతుంటుంది. బయానా ఇచ్చేముందు కాలెత్తి చూపించమనండి. గోడ లాడం అంచు దాటి పెరిగినా, మడిచిన మేకుల కొసలు లేచి వేలికి తగులుతున్నా, గిట్టకి పూసిన నల్లరంగు కింద పగుళ్లు కనిపించినా వేరే గుర్రాన్ని చూసుకోండి. కళ్లెం కూడా చూడండి. లోపల ముళ్లున్న కళ్లెం వాడకూడదని 1965 నుంచే నిబంధన ఉంది. డాన్స్ చేసే గుర్రం కావాలని దయచేసి అడగకండి. డీజే బండి పక్కన నిలబెట్టకండి, దాని దగ్గర టపాసులు పేల్చనివ్వకండి. నన్నడిగితే బరాత్‌లో గుర్రం పడే బాధలో ఎక్కువ భాగం వీటివల్లే.

పాపకి ఉన్నదున్నట్టు చెప్పండి. చెవులు అందం కోసమే కుట్టించాం, నొప్పి పుట్టింది, తమ్మె మెత్తన కనుక త్వరగా మానింది అని. పైచెవి కుట్టు మాత్రం ఇప్పుడే వద్దు. అక్కడ మృదులాస్థి ఉంటుంది, మానడం ఆలస్యం, చీము పట్టే భయం ఎక్కువ. పెద్దయ్యాక తనే తేల్చుకుంటుంది.

ప్రశ్న: మా డాబర్‌మన్ కూనకి తొమ్మిది వారాలు. చెవులు కోయించి నిలబెట్టకపోతే కళ రాదని, వేలాడే చెవులకి చీము పడుతుందని అమ్మినతను అంటున్నాడు. ఎక్కడ చేయించమంటారు?
– ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: ఎక్కడా చేయించకండి బాబూ. మత్తిచ్చి చెవి మృదులాస్థి కోసి, వారాల తరబడి కట్లు కట్టి నిలబెడతారు. ఆడుకోవలసిన వయసంతా ఆ కట్లతోనే గడిచిపోతుంది. చీము మాటకి ఆధారం లేదు. చెవిపోటు వచ్చేది తడి వల్ల, అలర్జీ వల్ల, చెవిలో చేరే పురుగుల వల్ల. వారానికోసారి చెవి ఎత్తి చూడండి, స్నానం చేయించాక తడి లేకుండా తుడవండి, చాలు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం అవయవాలు కోయడాన్ని నేరమంటోంది. పశువుల కొమ్ములు తీయడం, ముక్కుతాడు వేయడం లాంటివాటికి అందులో మినహాయింపు ఉంది. అందం కోసం చెవి కోయడానికి లేదు. కుక్క భయాన్నీ సంతోషాన్నీ చెవులతో కూడా చెబుతుంది, మీ కూనకి వాటిని ఉండనివ్వండి.

ప్రశ్న: గుమ్మానికి కొట్టుకోవడానికి నల్లగుర్రం లాడం కావాలి. గుర్రం కాలికి ఉన్నదే ఊడదీయించి తెచ్చుకుంటే మంచిదట, నిజమేనా?
– ఒక పాఠకుడు, కాచిగూడ

జవాబు: మీ నమ్మకానికి నేను అడ్డురాను. గడువు తీరి తీసేసిన పాత లాడాలు నాల్‌బంద్ దగ్గర దొరుకుతాయి, వాటిలో ఒకటి తెచ్చుకోండి. డబ్బిచ్చి కాలికున్నది ఊడదీయించకండి. గిట్ట పెరగకముందే లాగితే మేకు రంధ్రాల దగ్గర గోడ పెచ్చులూడుతుంది. మళ్లీ లాడం కొట్టడానికి మేకు పట్టే చోటు ఉండదు. ఆ గోడ పైనుంచి పెరిగి కిందికి దిగేదాకా గుర్రం అదే కాలితో నడవాలి.