రాణిగారి ప్రసంగం కొట్టెయ్

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఈజిప్టు నవల మూడు అధ్యాయాలూ చదివాను. రెండో అధ్యాయం చివర రాణి చనిపోతూ పేజీన్నర మాట్లాడింది చూడు, అక్కడ కాగితాలు బల్ల మీద పడేసి వెళ్ళి టీ పెట్టుకున్నాను. "దేహం నశ్వరం, ఆత్మ శాశ్వతం" అంటూ ఒకటే ధోరణి. థీబ్స్ రాణి గొంతులోంచి మన హరిదాసుగారు ఎందుకు మాట్లాడుతున్నారయ్యా? దేహం నశ్వరం అంటే ఈజిప్టు వాళ్ళకి గుండె ఆగిపోయేది. దేహం పాడవకూడదనే కదా ఆ డెబ్బై రోజుల తతంగమంతా! శవాన్ని నాట్రాన్ ఉప్పులో కప్పెట్టేవాళ్ళు. మెదడు ముక్కులోంచి లాగి పారేసేవాళ్ళు. కాలేయం, ఊపిరితిత్తులు, పొట్ట, పేగులు తీసి నాలుగు జాడీల్లో దాచేవాళ్ళు. ఆలోచించేది గుండేనని వాళ్ళ నమ్మకం కాబట్టి దాన్ని మాత్రం ఒంట్లోనే ఉంచేవాళ్ళు.

శవాలకి ఉప్పు పట్టించే కుర్రాడి చేతులు పగిలి, రొట్టె తుంచుకోలేకపోయాడని రాశావు. ఆ ఒక్క వాక్యం కోసమే ఇంత ఉత్తరం రాస్తున్నాను. లేకపోతే కార్డు ముక్క మీద "అందింది" అని రాసి ఊరుకునేవాణ్ణి.

నా గోల ఎప్పుడూ ఒకటే, నన్ను ఎరిగినవాళ్ళంతా విని విసిగిపోయినదే. నమ్మకం ఉన్నవాడు దాని గురించి మాట్లాడడు. దానికి ఖర్చు పెడతాడు, ఏర్పాట్లు చేస్తాడు, బేరమాడతాడు. పాత్ర నోటితో నమ్మకం చెప్పించావంటే ఆ పాత్రకి అది లేదని నేను తేల్చేస్తాను.

బ్రిటిష్ మ్యూజియంలో ఒక పపైరస్ ఉంది, ఇరవై రెండో రాజవంశం నాటిది. చూడబోతే రసీదు. బొమ్మలు చేసేవాడొకడు ఒక పూజారికి 401 ఉషబ్తి బొమ్మలు అమ్మాడు. రోజుకొకటి చొప్పున 365, వాటి మీద అజమాయిషీకి 36 మేస్త్రీ బొమ్మలు. మేస్త్రీ చేతిలో కొరడా కూడా ఉండేది. ఎందుకివి? చచ్చి ఇయారు పొలాలకి, అంటే వాళ్ళ స్వర్గానికి, వెళ్ళినా అక్కడ దున్నాలి, నీళ్ళు పెట్టాలి, ఇసుక మొయ్యాలి. పైవాళ్ళు ఎప్పుడు పనికి పిలుస్తారో తెలీదు. పిలుపు వస్తే "ఇదుగో నేనున్నా" అని యజమాని బదులు బొమ్మ లేచి వెళ్ళాలి. స్వర్గంలోనూ వెట్టి తప్పదని భయపడిన జనం వాళ్ళు. వెట్టి అంటే ఏమిటో మన తాతలకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ భయం తెలుగువాడికి ఇట్టే అందుతుంది. అమ్మినవాడు ఆ కాగితం మీద తనకు వెండి ముట్టిందని ఒట్టు వేసి ఒప్పుకుంటాడు. ఒప్పుకుని, అక్కడితో ఆగకుండా, బొమ్మల వైపు తిరిగి చెబుతాడు: వెళ్ళండి, మీ యజమాని తరఫున పని చెయ్యండి, ఏ రోజు పిలిచినా మేం సిద్ధమనండి అని. డబ్బు ముట్టకపోతే బొమ్మలు మొరాయిస్తాయేమోనని కొనుక్కున్నవాడికి టెన్షన్! నీ రాణి పేజీన్నర ప్రసంగంలో ఇందులో వీసమెత్తు నమ్మకం ఉందా?

అన్నట్టు, నీ ఇయారు పొలాల్లో మొక్కజొన్న కంకులు ఊగుతున్నాయి. మొక్కజొన్న అమెరికా పంట, 1492 తర్వాత గానీ సముద్రం దాటలేదు. బార్లీ వెయ్యి, ఎమ్మర్ గోధుమ వెయ్యి. కుర్రాడి రొట్టెలోకి మిరపకాయ పచ్చడి కూడా తీసెయ్, అదీ అక్కడి సరుకే.

తీర్పు ఘట్టం సంగతి. త్రాసులో ఒకవైపు గుండె, ఇంకోవైపు సత్యదేవత మాత్ ఈక, పక్కన పాపి గుండెని మింగడానికి మొసలి మూతితో అమ్మిట్. అంతా పోస్టర్‌లా గీశావు. నీ రాణి నిర్భయంగా, తల పైకెత్తుకుని నిలబడింది. నిర్భయంగా నిలబడేవాళ్ళయితే గుండె మీద రాతి పేడపురుగు ఎందుకు పెట్టించుకునేవాళ్ళు? దాని అడుగున మంత్రం చెక్కేవాళ్ళు. తల్లి ఇచ్చిన నా గుండెకాయా, నా మీద సాక్ష్యం చెప్పకు, త్రాసు ముందు నాకు ఎదురు తిరగకు అని దాని సారాంశం. సొంత గుండెనే సాక్షిగా భయపడి, కోర్టుకి వెళ్ళకముందే దాని నోరు కట్టే ఏర్పాటు. మృతుల గ్రంథం, అంటే పరలోకంలో గట్టెక్కడానికి శవంతో పెట్టే మంత్రాల పుస్తకం, ప్రతులు కూడా ముందే రాసి, పేరు చోట ఖాళీ వదిలి అమ్మేవాళ్ళు. కొన్నింట్లో ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. దాని మీద ఒక అధ్యాయం రాయచ్చు నువ్వు.

ఇదంతా నాకు ఊరికే అబ్బలేదు. కుర్రతనంలో ఒక కథ రాశాను. మా నాన్న పన్నెండో రోజుకి అమ్మ రాయించిన సామాన్ల చిట్టా అది, మొదటి నుంచి చివరిదాకా చిట్టానే. బియ్యం ఇన్ని, నువ్వులు ఇన్ని, దానానికి గొడుగు, చెప్పులు, చెప్పుల పక్కన "ఆయన సైజువే" అని. ఒక వారపత్రిక సంపాదకుడు "ఇది కిరాణా కొట్టువాడికి పంపాల్సింది, పొరపాటున మాకొచ్చింది" అని రాసి తిప్పి పంపాడు. అదే ఏడు ఆ పత్రికలో శ్మశానం, మంత్రగాడు, ఎర్ర కళ్ళ పిల్లి సీరియల్‌గా నడిచాయి. ఆయన తర్వాత సన్మానాలు కూడా చేయించుకున్నాడు. ఇప్పుడు పిల్లి పోయి నిధి మ్యాపు, రహస్య సంకేతం వచ్చాయి, అంతే తేడా. నువ్వు మూడో అధ్యాయంలో, సమాధి తెరిచినవాళ్ళు చస్తారనే ఫరో శాపం ఎందుకు పెట్టావో నాకు తెలుసు. ఎవరో పెట్టమన్నారు.

ఆ శాపం పత్రికలవాళ్ళ చలవ. 1922లో టుటన్‌ఖామున్ సమాధి బయటపడింది, 1923లో ఆ తవ్వకానికి డబ్బు పెట్టిన కార్నార్వన్ దోమకాటు పుండై చచ్చిపోయాడు, ఇంకేం, పత్రికలకి పండగ. సమాధి తవ్విన కార్టర్ మాత్రం 1939 దాకా బతికాడు. నీకు నిజమైన దొంగ కావాలంటే తొమ్మిదో రామెసెస్ కాలం నాటి అమెన్‌పనుఫర్ అనే రాళ్ళు కొట్టేవాడి వాంగ్మూలం చదువు. సొబెకెంసాఫ్ రాజు సమాధికి కన్నం వేసి, బంగారం ఒలుచుకుని, పెట్టెలకి నిప్పు పెట్టామన్నాడు. 160 డెబెన్‌ల బంగారం, పద్నాలుగు కిలోల పైమాటే, ఎనిమిదిమంది తలా ఇరవై పంచుకున్నారు. పట్టుబడితే తన వాటా ఒక గుమస్తా చేతిలో పెట్టి బయటపడ్డాడు. మళ్ళీ వెళ్ళి తోటివాళ్ళతో కలిశాడు, వాళ్ళు అతని వాటా సర్దిచ్చారు. శాపం ఎక్కడుంది ఇందులో? రాణితోపాటు బానిసల్ని బతికుండగా పాతెయ్యడం కూడా తీసెయ్. రాజు వెంట పరివారాన్ని చంపి పాతిన ఆనవాళ్ళు అబిడోస్‌లో మొదటి రాజవంశం నాటివి. నీ కథ పద్దెనిమిదో రాజవంశంలో నడుస్తోంది, మధ్యలో వెయ్యిన్నర ఏళ్ళు గడిచాయి.

ఇక ప్రేమ. రాణికీ సేనానికీ వెన్నెల రాత్రులు వద్దు. ఖా అని ఒకడుండేవాడు, డెయిర్ ఎల్ మెదీనాలో రాజుల సమాధుల పనికి పెద్ద మేస్త్రీ. భార్య మెరిత్ ముందు పోయింది. ఆమెకింకా శవపేటిక తయారు కాలేదు, తనకోసం చేయించుకున్నదే ఇచ్చేశాడు. దాని మీద అతని పేరే ఉంది. ఆమె చిన్న మనిషి, పేటిక పెద్దది. సందుల్లో బట్టలు కుక్కి సర్దారు, ఆ బట్టల మీద ఖా గుర్తులున్నాయి. 1906లో ఆ సమాధి ఎవరి చెయ్యీ పడకుండా దొరికింది. ఆమె సవరం, కాటుక బుడ్డి, రొట్టెలు అన్నీ టురిన్ మ్యూజియంలో ఉన్నాయి.

పోయినవాళ్ళకి ఉత్తరాలు రాసేవాళ్ళు కూడా. కొందరు గిన్నె లోపల రాసి అందులో తిండి పెట్టేవాళ్ళు, తినడానికి వచ్చినప్పుడు చదువుకుంటారని. లైడెన్‌లో ఉన్న ఒక ఉత్తరంలో భర్త భార్యతో గొడవకి దిగాడు: నీకేం తక్కువ చేశాను, ఎందుకిలా పీడిస్తున్నావు, నువ్వు పోయినప్పుడు ఏడ్చాను, మంచి బట్టల్లో చుట్టించాను, మూడేళ్ళుగా ఇంకో ఇంటి గడప తొక్కలేదు, పడమటి దేవతల దగ్గర, అంటే పోయినవాళ్ళ లోకంలో, నీ మీద దావా వేస్తాను అని. ఇంత ప్రేమ ఉన్న దావా నేను మరెక్కడా చదవలేదు.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీని చూశాక నవల పుట్టిందన్నావు. ఆరో నిజాం అల్లుడు కొని తెచ్చిన శవం అది, 1930లో ఏడో నిజాం మ్యూజియానికి ఇచ్చాడు. ఆవిడ తరఫున ఒకప్పుడు ఉప్పుకీ నారబట్టకీ డబ్బు కట్టినవాళ్ళున్నారు, తర్వాత ఆవిడనే సరుకుగా కొన్నవాళ్ళున్నారు. నీ కథ వాళ్ళ దగ్గర మొదలవ్వాలి గానీ రాణి పెదాల మీద కాదు.

అడ్వాన్సు సంగతి, ఏ ప్రచురణకర్త, అధ్యాయాలకి ఇంగ్లిష్ పేర్లు పెట్టచ్చా అని అడిగావు. తర్వాత చూద్దాం. ముందు రాణి అంత్యక్రియలకి లెక్క వేసి పంపు. లెబనాన్ దేవదారు ఎంత, నార ఎన్ని మూరలు, ఏడవడానికి వచ్చిన ఆడవాళ్ళకి ఏం ముట్టచెప్పారు, ఎవరి దగ్గర బాకీ పడ్డారు. ఉప్పు కుర్రాడికి కూలి ఎంతో మరిచిపోకు.

ఉంటాను.