డాక్టర్ సలహా: సూప్, శాండ్‌విచ్ లంచ్ తేలికేనా? మంచి చోటును పోల్చుకోవడం ఎలా?

ప్రశ్న: నా వయసు 42. ఆఫీసు మారాక ఇంటి నుంచి బాక్స్ పట్టుకెళ్లడం కుదరడం లేదు. నాలుగు నెలలుగా మధ్యాహ్నం బయట సూప్, శాండ్‌విచ్‌తో సరిపెడుతున్నాను. తేలికపాటి భోజనం కదా, ఒళ్లు తగ్గుతుందనుకున్నాను. తగ్గకపోగా మూడింటికల్లా నిద్ర ముంచుకొస్తోంది, అయిదింటికి మళ్లీ ఆకలి. సాయంత్రం దాకా ఒకటే దాహం. ఈమధ్య పరీక్ష చేయిస్తే బీపీ 138/88, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.1 వచ్చాయి. మందులేవీ వాడటం లేదు. ఆఫీసు చుట్టుపక్కల ఇలాంటి లంచ్ దొరికే చోట్లు పది దాకా ఉన్నాయి. వాటిలో మంచిదేదో ఎలా తెలుసుకోవాలి? లేక ఈ లంచ్ మానేయడమే మంచిదా?

సమాధానం: మానేయనక్కర్లేదు. సూప్, శాండ్‌విచ్ రెండూ మంచి తిండే. చిక్కల్లా అవి తయారయ్యే తీరులో, మీరు తినే పాళ్లలో ఉంది. మీరు రాసినవాటిలో దాహం, అంచున ఉన్న బీపీ ఉప్పు వైపు వేలు చూపిస్తున్నాయి. నిద్ర, త్వరగా వేసే ఆకలి మైదా ఎక్కువైందని, ప్రొటీన్ చాలడం లేదని చెబుతున్నాయి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్, అంటే మధుమేహానికి ముందు దశ అంటాం. మీది సరిగ్గా ఆ నడుమ ఉంది. బీపీ కూడా 140/90 గీతకు ఆనుకునే ఉంది. మందుల దాకా వెళ్లకుండా తిండితో వెనక్కి తెచ్చుకునే వీలున్న దశే ఇది.

ముందు ఉప్పు లెక్క చూద్దాం. రోజంతా కలిపి 5 గ్రాములకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నోటికి రుచిగా అనిపించే సూప్‌లో సుమారు 0.8 శాతం ఉప్పు ఉంటుంది. 300 మిల్లీలీటర్ల గిన్నె అంటే 2.4 గ్రాములు. రెండు పెద్ద బ్రెడ్ ముక్కల్లో మరో 0.8 గ్రాములు. ప్రాసెస్డ్ చీజ్ స్లైస్ ఒకటి 0.6 గ్రాములు. హామ్ లేదా సలామీ 50 గ్రాములు పెడితే ఇంచుమించు ఒక గ్రాము. సాస్, ఉప్పునీటిలో ఊరిన దోసకాయ ముక్కలు కలిపి 0.4 గ్రాములు. మొత్తం 5.2 గ్రాములు! రోజు కోటా మధ్యాహ్నానికే అయిపోయింది, పొద్దున టిఫిన్, రాత్రి భోజనం లెక్కలోకి రానేలేదు. బ్రెడ్ నోటికి ఉప్పగా ఉండదు కాబట్టి అందులోని ఉప్పును ఎవరూ పట్టించుకోరు. సూప్ వేడిగా ఉన్నప్పుడు అందులోదీ అంతగా తెలియదు. గోరువెచ్చబడ్డాక చివరి రెండు చెంచాలు ఉప్పగా తగిలాయంటే ఆ సూప్‌లో ఉప్పు ఎక్కువే.

ఇంత ఉప్పు ఎక్కడి నుంచి వస్తుందంటే, చాలాచోట్ల స్టాక్ క్యూబ్‌ల నుంచి. స్టాక్ అంటే సూప్‌కు మూలమైన రసం, క్యూబ్ అంటే దానికి బదులు నీళ్లలో కరిగించే బిళ్ల. 10 గ్రాముల క్యూబ్‌లో దాదాపు సగం ఉప్పే. అర లీటరు నీళ్లలో ఒకటి వేస్తే చాలు, ఉప్పు ఒక శాతానికి చేరుతుంది. ఆపైన వంటమనిషి అలవాటుగా మరో చిటికెడు వేస్తాడు. అందుకే కౌంటర్ దగ్గర మీరు అడగాల్సిన మొదటి మాట ‘స్టాక్ మీరే కాస్తారా, క్యూబ్‌లు వాడతారా?’ అన్నది. ఎముకలో కూరగాయలో ఉడికించి స్టాక్ కాచే చోట ఈ ప్రశ్నకు సంతోషంగా జవాబు చెబుతారు. నీళ్లు నమిలితే విషయం అర్థమైపోతుంది. (చాలామంది ఎంఎస్‌జీ, అంటే అజినొమోటో ఉందా అని అడుగుతారు. ఉప్పులో 39 శాతం సోడియం అయితే ఎంఎస్‌జీలో 12 శాతమే. దాని గురించి బెంగపడేకంటే ఉప్పు గురించి అడగడం మీకు ఎక్కువ పనికొస్తుంది.)

ఇక పది చోట్లలో ఏది ఎంచుకోవాలి? మెనూ బోర్డు చూడగానే సగం తేలిపోతుంది. రోజుకు ఒకటి రెండు సూప్‌లే పెట్టి, అవీ రోజురోజుకీ మార్చే చోట వంటగదిలో నిజంగా కుండ పొయ్యిమీదకెక్కుతోందని అనుకోవచ్చు. పన్నెండు రకాలు ఏడాది పొడవునా ఉన్నాయంటే పొడులు, డబ్బాల మీద నడుస్తోందేమోనని నేనైతే అనుమానిస్తాను. బ్రెడ్ విషయంలో సొంతంగా కాల్చే బేకరీకి ఒక మార్కు ఎక్కువ వేయొచ్చు. దేనితో చేశారో చెప్పగల మనిషి అక్కడే ఉంటాడు.

తర్వాత ఒకే చోటికి రెండుసార్లు వెళ్లండి. ఒక రోజు 12:15కి, ఇంకో రోజు 2:30కి. రెండుసార్లూ సూప్ మాత్రమే తీసుకోండి. రెండోసారి సూప్ మరింత చిక్కగా, మరింత ఉప్పగా ఉందంటే పొద్దున చేసిన కుండే వేడిమీద కూర్చుని నీరు ఇగిరిపోయిందన్నమాట. నీరు పోతుంది గానీ ఉప్పు పోదు కదా. మూత తీసినప్పుడు కుండలోకి ఓ చూపు వేయండి. లోపలి గోడకు ఎండిన చారలు, పైన తెట్టు కట్టి ఉంటే చాలాసేపటి సరుకు. అడుగున మిగిలిన పాతదాని మీదే కొత్త సూప్ ఒంపడం కంటపడితే మాత్రం ఆ చోటు వదిలేయండి.

ఇందులో ప్రమాదం ఏమిటో చెబుతాను. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. సూప్‌ను మరిగిస్తే చాలావరకు చస్తాయి, కానీ క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ లాంటివాటి బీజాలు మరుగుకూ చావవు. పెద్ద కుండ నెమ్మదిగా చల్లారుతుంటే అవి మేల్కొని పెరుగుతాయి. నిన్నటి సూప్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వార్మర్‌లో పెట్టడం చాలాచోట్ల జరిగే పొరపాటు. వార్మర్ ఉన్న వేడిని నిలబెట్టడానికే పనికొస్తుంది, చల్లటిదాన్ని వేడి చేయడానికి కాదు. అందులో పెడితే ఆ ప్రమాదకరమైన వేడిలోనే గంటల తరబడి నానుతుంది. సరైన పద్ధతి ముందు పొయ్యిమీద తెర్లించి, ఆ తర్వాత వార్మర్‌లోకి మార్చడం. మీ గిన్నెలో మొదటి చెంచా ఊదుకోకుండానే తాగగలిగారంటే ఆ కుండ తగినంత వేడిగా లేదు.

అలాగని పొగలు కక్కేది గటగటా తాగొద్దు. 65 డిగ్రీలకు మించిన వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో ప్రకటించింది. మూత బిగించిన పార్సిల్ కప్పులో వేడి చాలాసేపు దిగదు. మూత తీసి అయిదారు నిమిషాలు ఆగండి.

చిక్కటి సూప్ అంతా బలమైనది కాదు. కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబడ్డది నిగనిగలాడుతూ, చెంచా ఎత్తితే సాగుతున్నట్టు ఉంటుంది. తింటూ ఉంటే ఆశ్చర్యంగా పలచబడిపోతుంది, చెంచాతో చేరిన లాలాజలంలోని ఎంజైమ్ ఆ పిండిని విడగొట్టేస్తుంది కాబట్టి. కూరగాయల గుజ్జుతో చిక్కబడ్డదాన్ని పది నిమిషాలు కదపకుండా ఉంచితే అంచు చుట్టూ తేట నీరు విడుతుంది. మీకు రెండోది కావాలి. అంతకంటే మెరుగు పప్పు, శనగలు, బీన్స్ లేదా చికెన్ ముక్కలు కంటికి కనబడేది. చిక్కటి పప్పు సూప్ 300 మిల్లీలీటర్లలో 10 గ్రాముల దాకా ప్రొటీన్ వస్తుంది. ‘క్రీమ్ ఆఫ్’ అని మొదలయ్యేవాటిలో ఎక్కువగా ఉండేది వెన్న, మైదా, మీగడ. ఎప్పుడో ఒకసారి సరే, రోజూ వద్దు.

శాండ్‌విచ్ సంగతికొస్తే, చాలావరకు పైన పటారం లోన లొటారం. సగానికి కోసి అంచున మాత్రమే కూర, ముక్కలు ఎత్తుగా పేర్చి, లోపల ఒట్టి బ్రెడ్ వదిలేస్తారు. విప్పి చూడండి, మొహమాటం అక్కర్లేదు. పల్చటి హామ్ ముక్క 20 గ్రాములుంటే ప్రొటీన్ 4 గ్రాములే. మీకు ఈ పూట 20 నుంచి 25 గ్రాములు కావాలి. ఉడికించిన గుడ్డు ఒక్కోటి 6 గ్రాములు ఇస్తుంది. వండిన చికెన్ 60 గ్రాములు పెడితే 18 గ్రాముల దాకా. హామ్, సలామీ, సాసేజ్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని అదే క్యాన్సర్ విభాగం 2015లో క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. కాబట్టి రోజువారీ తిండిగా అది పనికిరాదు. చీజ్, ఊరేసిన కూరగాయలు, సాస్.. ఈ మూడింటిలో ఒక్కటే వేయమనండి.

మయోనైజ్ ఒక టేబుల్‌స్పూన్‌లో 90 నుంచి 100 కేలరీలు. ధారాళంగా పూస్తే మూడు స్పూన్లు సులువుగా పడతాయి, అంటే మరో మూడు బ్రెడ్ ముక్కలు తిన్నంత! పచ్చిగుడ్డుతో అక్కడే చేసిన మయోనైజ్ బయట పెట్టి ఉంటే కడుపు పాడుచేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం కూడా ఉంది. పక్కన వేరుగా ఇమ్మనండి.

బ్రెడ్ రంగు చూసి మోసపోవద్దు. క్యారమెల్ రంగు కలిపితే మైదా బ్రెడ్ కూడా గోధుమరంగులోకి తిరుగుతుంది. ప్యాకెట్ అడిగి చూడండి. పదార్థాల్లో మొదటి పేరు ‘హోల్ వీట్’ అయి ఉండాలి, వంద గ్రాములకు పీచు 6 గ్రాములకు తగ్గకూడదు. సోర్‌డో (పులిసిన పిండితో చేసే బ్రెడ్) అనగానే ఎగిరి గంతేయకండి, మైదాతో చేస్తే అదీ మైదా బ్రెడ్డే. అడుగు ముక్క తడిసి మెత్తబడి ఉంటే ఎప్పుడో చేసిపెట్టిన శాండ్‌విచ్. డబ్బు తీసుకున్న గ్లవుజుతోనే బ్రెడ్ పట్టుకునే చోట ఆ గ్లవుజు ఉన్నా లేనట్టే.

తినే పద్ధతి మార్చండి. గిన్నెడు సూప్ ముందు తాగి, అయిదు నిమిషాలు ఆగి, సగం శాండ్‌విచ్ నంజుకున్నట్టు తినండి. అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో చేసిన అధ్యయనం ఒకటి 2007లో వెలువడింది. భోజనానికి ముందు తక్కువ కేలరీల సూప్ తాగినవాళ్లు ఆ సూప్‌తో కలిపి కూడా ఆ పూట దాదాపు 20 శాతం తక్కువ కేలరీలు తిన్నారు. రెండో సగం అయిదింటి ఆకలికి దాచుకోవాలనుకుంటే ఫ్రిజ్‌లో పెట్టండి, టేబుల్ మీద రెండు గంటలు దాటితే పారేయండి. కాంబోలో వచ్చే కూల్‌డ్రింక్, జ్యూస్, సూప్ మీద చల్లే వేయించిన బ్రెడ్ ముక్కలు వద్దని చెప్పండి. తిన్నాక 15 నిమిషాలు నడిస్తే మూడింటి మగత తగ్గడం మీకే తెలుస్తుంది.

మీకు వర్తించకపోయినా చదివే మిగతావారి కోసం రెండు మాటలు. గర్భిణులు హామ్, సలామీ లాంటి చల్లటి డెలి మాంసాలు, పాశ్చురైజ్ చేయని పాలతో చేసిన మెత్తటి చీజ్ తినకూడదు, వాటిలో ఉండే లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్‌లో కూడా పెరుగుతుంది. కిడ్నీ జబ్బులో పొటాషియం తగ్గించమని చెప్పిన వాళ్లు టమాటా, బంగాళాదుంప సూప్‌లు, ‘తక్కువ సోడియం’ ఉప్పు వాడేముందు తమ డాక్టర్‌ను అడగాలి. గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రొటీన్) పడనివారు సూప్‌లో మైదా కలిపారేమో కనుక్కోవాలి.

ఇలా తింటూ ఇంట్లో బీపీ చూసుకోండి. వారం పాటు పొద్దున, రాత్రి, అయిదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక, నిమిషం తేడాతో రెండుసార్లు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. అది 135/85 లేదా అంతకంటే ఎక్కువ వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. హెచ్‌బీఏ1సీ మూడు నెలల తర్వాత చేయిస్తే చాలు, అంతకు ముందు చేయిస్తే మార్పు పూర్తిగా కనబడదు. దాహం మధ్యాహ్నం తర్వాతే కాకుండా రాత్రి కూడా వేసి, మూత్రానికి పదేపదే లేవాల్సి వస్తుంటే ఆ మూడు నెలలు ఆగకుండా షుగర్ పరీక్ష చేయించండి.

ఒక విషయం మీరు రాయలేదు. రాత్రి గురక పెడతారా? లేచేసరికి తల బరువుగా ఉంటోందా? ఇంట్లోవాళ్లను అడగండి. అవునంటే పగటి నిద్రకు, బీపీకి కూడా మూలం శాండ్‌విచ్‌లో కాక స్లీప్ ఆప్నియాలో, అంటే నిద్రలో ఊపిరి ఆగిఆగి ఆడే జబ్బులో ఉండొచ్చు. దానికి స్లీప్ స్టడీ చేయించాలి.