వరిగడ్డిలోని జైలోజ్‌ను బేకరీ ఈస్ట్ ఎందుకు వదిలేస్తుంది?

నెల్లూరు వరిగడ్డినో ఒంగోలు వైపు సుబాబుల్ కర్రనో చక్కెరలుగా విడగొట్టి బేకరీ ఈస్ట్ వేస్తే, ఆ చక్కెరంతా ఇథనాల్ అవుతుందా అని అడిగారు. మొత్తం కాదు. గ్లూకోజ్‌ను అది ఇట్టే తినేస్తుంది కానీ అయిదు కార్బన్ల చక్కెర జైలోజ్ దాదాపు అలాగే మిగిలిపోతుంది, ఎందుకంటే దాన్ని జైలులోజ్ అనే ఇంకో చక్కెరగా మార్చే దారి ఈ ఈస్ట్‌లో పేరుకే ఉంది. జైలులోజ్ దాకా తెచ్చిపెడితే మాత్రం జైలులోకైనేజ్ అనే ఎంజైముతో ఫాస్ఫేట్ తగిలించి మిగతా పని అదే చూసుకుంటుంది.

అందుకే బయటి జన్యువులు పెడతారు. ఒక దారిలో స్కెఫెర్సోమైసిస్ స్టిపిటిస్ అనే ఇంకో ఈస్ట్‌వి రెండు ఎంజైములు: జైలోజ్ రిడక్టేజ్ జైలోజ్ నుంచి జైలిటాల్ అనే చక్కెర ఆల్కహాల్‌ను చేస్తుంది, జైలిటాల్ డీహైడ్రోజినేజ్ దాన్ని జైలులోజ్‌గా మారుస్తుంది. చిక్కేమిటంటే మొదటిది ఎక్కువగా ఎన్‌ఏడీపీహెచ్ (కణంలో ఎలక్ట్రాన్లు మోసే సహాయక అణువు) వాడుతుంది, రెండోదానికేమో ఎన్‌ఏడీ అనే అలాంటి ఇంకో అణువు కావాలి, ఆ లెక్క కుదరక జైలిటాల్ పేరుకుపోతుంది.

రెండో దారి జైలోజ్ ఐసోమరేజ్. ఈ ఎంజైము జైలోజ్‌ను నేరుగా జైలులోజ్ చేస్తుంది; ఒకటే అడుగు, ఆ గొడవే లేదు. 2003లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పరిశోధకులు పైరోమైసిస్ అనే శిలీంధ్రం జన్యువుతో దీన్ని పనిచేయించారు (ఆ శిలీంధ్రం దొరికింది ఏనుగు లద్దెలో!). నాకైతే ఇదే మేలనిపిస్తుంది. కాకపోతే గ్లూకోజ్ ఉన్నంతసేపు జైలోజ్ కణంలోకి వెళ్లడం నెమ్మదే, గ్లూకోజ్‌ను మోసే ప్రొటీన్లే దీన్నీ మోయాలి మరి.