క్షార మృత్తిక లోహాల హైడ్రాక్సైడ్లు, సల్ఫేట్లు: ఏవి కరుగుతాయి, ఏవి కరగవు?

మెగ్నీషియం, కాల్షియం, బేరియం ఇలా వరసగా ఉండే క్షార మృత్తిక లోహాల గ్రూపులో కిందికి పోయేకొద్దీ హైడ్రాక్సైడ్ల ద్రావణీయత (నీటిలో కరిగే గుణం) పెరుగుతుందా, సల్ఫేట్లదా, ఎప్పుడూ తారుమారవుతోందని అడిగారు. ఇంటర్లో నాదీ ఇదే తికమక. పుస్తకంలో తీరలేదు, ఇంట్లో తీరింది.

సంక్రాంతికి ముందు మా తాతయ్య పిడుగురాళ్ల సున్నం తెప్పించి, ఇనప డ్రమ్ములో వేసి నీళ్లు పోసేవాడు. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత ఒక్కో రాయీ బుసబుసమంటూ నెర్రెలిచ్చి పిగిలిపోయేది. కింద పొయ్యి లేకుండానే డ్రమ్మంతా కుతకుతా ఉడికేది. కళ్లలో పడుతుందని మమ్మల్ని దగ్గరకు రానిచ్చేవాడు కాదు. తెల్లారేసరికి అడుగున వెన్నలాంటి ముద్ద, పైన తేట. ల్యాబులో మనం గొట్టంతో ఊదే సున్నపు తేట అదే. ఈ తడి సున్నమే కాల్షియం హైడ్రాక్సైడ్. లీటరు నీటిలో అది 2 గ్రాములు కూడా కరగదు, అందుకే అంత ముద్ద మిగులుతుంది. (గోడకు పూశాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి మళ్లీ కాల్షియం కార్బొనేటే, అంటే బట్టీకి వెళ్లకముందున్న రాయే అవుతుంది. నాకిది ఇప్పటికీ అబ్బురమే.)

గ్రూపులో కాల్షియానికి పైనున్న మెగ్నీషియం హైడ్రాక్సైడ్ దాదాపు కరగదు. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా సీసా ఊపి తాగమనేది అందుకే. కిందనున్న బేరియం హైడ్రాక్సైడ్ బాగా కరుగుతుంది.

సల్ఫేట్లు దీనికి ఎదురు. పత్తి ఆకులు ఎర్రబారితే మా నాన్న లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి పిచికారీ చేసేవారు, ఇట్టే కరిగేది. జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్, కొద్దిగానే కరుగుతుంది. బేరియం సల్ఫేట్ అసలు కరగదనే చెప్పాలి. మంగంపేట గనుల్లో తవ్వే ముగ్గురాయి ఇదే.

అమ్మకు కడుపు ఎక్స్‌రే తీసే ముందు చిక్కటి తెల్లటి మందు తాగించారు. బేరియం అనగానే నా గుండె జారింది, విషమని చదివాను మరి. "ఇది సల్ఫేటమ్మా, ఒంట్లోకి ఇంకదు" అన్నాడు టెక్నీషియన్. అదే బేరియం కార్బొనేట్ అయితే జీర్ణాశయంలోని ఆమ్లంలో కరిగి ప్రాణం తీస్తుంది. ఎలకల మందుగా వాడింది దాన్నే.

కారణం అయాన్ల పరిమాణంలో ఉంది. హైడ్రాక్సైడ్ అయాను చిన్నది, కాబట్టి కిందికి పోయేకొద్దీ జాలక శక్తి (స్ఫటికంలో అయాన్లను పట్టి ఉంచే బలం) త్వరగా పడిపోతుంది, కరగడం తేలికవుతుంది. సల్ఫేట్ పెద్దది. దాని జాలక శక్తి పెద్దగా మారదు, లోహ అయాను జలీకరణ శక్తి (నీటి అణువులు అయాను చుట్టూ చేరినప్పుడు వెలువడే శక్తి) మాత్రం తగ్గిపోతుంది, అందుకే కరగడం తగ్గుతుంది.

వీలైతే ల్యాబులో మీ లెక్చరర్ ముందు బేరియం క్లోరైడ్ ద్రావణంలో రెండు చుక్కలు మెగ్నీషియం సల్ఫేట్ ద్రావణం వేసి చూడండి. తెల్లటి అవక్షేపం (కరగకుండా విడిపోయే బేరియం సల్ఫేట్ పొడి) వెంటనే కనబడుతుంది, ఆమ్లం పోసినా పోదు. తర్వాత చేతులు బాగా కడుక్కోండి, బేరియం క్లోరైడ్ నీళ్లలో కరిగేదే, అంటే విషమే.